ప్లస్ బాడీకి, మైనస్ స్టార్టరుకి

ఆ వేసవిలో మా ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం: నాన్న, అమ్మ, నేను, బ్యాటరీ. నలుగురిలో మర్యాదలు జరిగింది మాత్రం బ్యాటరీకే. సాయంత్రం బండి ఆపగానే దాన్ని విప్పి, నా చిన్నప్పటి తోపుడుబండిలో కూర్చోబెట్టి, గుమ్మం దాటించి, నాన్న మంచం పక్కన చెక్కపీట మీద పెట్టేవాళ్ళం. బయట వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ ఉండదు, బానెట్ మాత్రం మూసే ఉంటుంది. మా వీధి దొంగలకు కూడా పాత కార్లంటే గౌరవం.

మా బండి 1951 డాడ్జ్. నాకంటే ఇరవై మూడేళ్ళు పెద్దది. ఊరికి ఈ కొసన వెర్సాయెస్ గుట్ట మీద మా ఇంటి దగ్గర బయల్దేరి, ఊళ్ళోని రెండు వంతెనలూ దాటి, ఆ కొసన పెన్యాస్ ఆల్తాస్ దాకా ఐదుగురేసి మనుషుల్ని ఎక్కించుకుని తిప్పుతాను. అంతకుముందు మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడేదాన్ని. రెండేళ్ళ కిందట నాన్న నడుం నొప్పి అంటూ స్టీరింగు నాకిచ్చేశాడు. స్పానర్లు మాత్రం ఇవ్వలేదు. నడపడం నా వంతు, బాగుచేయడం ఆయన వంతు. ఆ గీత దాటితే ఇంట్లో యుద్ధమే.

ముఖ్యంగా బ్యాటరీ. పొద్దున దాన్ని బండి దాకా నేను తోసుకెళ్ళాలి, అక్కడితో నా పని సరి. బెల్టు వేసి లోపలికి దించడం, బిగించడం ఆయనే చేయాలి. పక్కన నిలబడితే గిట్టదు. "పోయి కాఫీ తాగు, నా నెత్తిన నిలబడకు" అనేవాడు. నేను కాఫీ తాగి వచ్చేసరికి బానెట్ మూసి, స్పానర్ చొక్కా జేబులో పెట్టుకుని నిలబడి ఉండేవాడు.

"ప్లస్ బాడీకి" అనేవాడు.

"మైనస్ స్టార్టరుకి" అని నేననాలి. అనకపోతే తాళంచెవి ఇవ్వడు.

ఇది నా పన్నెండో ఏట మొదలైన పాఠం. ఊళ్ళో మిగతా బళ్ళన్నిటికీ మైనస్ బాడీకి వెళ్తుంది. మా డాడ్జ్‌కి మాత్రం తలకిందులు, ప్లస్ బాడీకి వెళ్ళాలి. అదీ పన్నెండు వోల్టులు కాదు, ఆరే. తిరగేసి బిగిస్తే బండి స్టార్టవుతుంది, కదులుతుంది కూడా. కానీ డైనమో బ్యాటరీని నింపదు, పీల్చేస్తుంది. మధ్యాహ్నానికల్లా మనిషి నడిరోడ్డు మీద ఉంటాడు. "అందుకే టెర్మినల్స్ ఒకటి లావుగా, ఒకటి సన్నంగా పోస్తారు" అని చెప్పేవాడు, నా వేళ్ళు పట్టుకుని రెండింటి మీదా తిప్పుతూ. "లావుది ప్లస్. చీకట్లో కూడా తప్పు జరగకూడదని."

ఆ వేసవిలో మాకొక గడువుంది. ఆగస్టు ఇరవై తొమ్మిదిన బండికి ఫిట్‌నెస్ పరీక్ష. తప్పితే రూటు పర్మిట్ పోతుంది. పోయిన పర్మిట్ మళ్ళీ వచ్చినవాళ్ళని నేను చూడలేదు. మా ముగ్గురి తిండీ ఆ బండి మీదే. మందుల షాపులో నా చోట వేరే అమ్మాయి ఎప్పుడో చేరిపోయింది.

సరిగ్గా జూన్‌లో పాత బ్యాటరీ ప్రాణం వదిలింది.

ఏడేళ్ళ కిందట ఒక నావికుడు వెరాక్రూజ్ నుంచి ఓడలో తెచ్చిన బ్యాటరీ అది. నాన్న దానికి చేసిన సేవ అమ్మకు కూడా చేసి ఉండడు. వానాకాలం మొదటి వానను వదిలేసి, రెండో వాన నీళ్ళు పట్టి, గుడ్డలో వడగట్టి పోసేవాడు. టెర్మినల్స్ మీద తెల్లటి చిట్టు కట్టగానే వేడినీళ్ళలో సోడా కలిపి కడిగి, వాజ్‌లైన్ రాసేవాడు. ఏడేళ్ళూ లాగింది. ఒకరోజు స్విచ్ తిప్పితే చిన్నగా టిక్కుమంది, అంతే.

కొత్తది ఏది పెట్టాలన్నదాని మీద మా మెట్ల మీద సభ జరిగింది. ఎదురింటి బెల్కిస్ పిలవకుండానే వచ్చింది, జుట్టుకు రోలర్లు చుట్టుకుని.

"కరెంటు స్కూటర్ల బ్యాటరీ ఒకటి పడేసుకో ఫెర్మిన్ మావయ్యా. మా తమ్ముడు అదే పెట్టాడు."

"మీ తమ్ముడిది బండా? నాలుగు చక్రాల మీద తిరిగే రేకుల డబ్బా."

"పోనీ ట్రాక్టర్‌ది?"

"అది పట్టాలంటే రేడియేటర్ తీసి నీ ఒళ్ళో పెట్టుకోవాలి."

"నాన్నా, పన్నెండు వోల్టులకి మార్పించేద్దాం" అన్నాను నేను. ఈ మాట ఏడాదికి ఒకసారి అనడం, తిట్లు తినడం నాకు అలవాటే. "పన్నెండువి దొరుకుతున్నాయి. ఊళ్ళో అందరూ మార్చుకున్నారు."

"అవును, మార్చుకున్నారు. ముందు బ్యాటరీ మార్చారు. దానికోసం డైనమో, బల్బులు మార్చారు. పనిలో పనిగా ఇంజిను తీసి వ్యాను ఇంజిను పెట్టారు. ఇప్పుడు వాళ్ళ దగ్గర పాత బళ్ళున్నాయా? పాత చొక్కాలున్నాయి. లోపల మనిషి వేరు."

"చొక్కా అయితేనేం, తిండి పెడుతోంది కదా!"

"నేను పోయాక మార్చుకో."

అమ్మ లోపలినుంచి వచ్చి ఆయన చేతిలో కాఫీ గ్లాసు పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూసింది. "ఏదో ఒకటి కొనండి. ఆ పాతది నాకివ్వండి. కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిప్పుకుంటాను."

"చచ్చినదానితో ఫ్యాను తిరగదు, ఎదెల్మీరా."

"నలభై తొమ్మిదేళ్ళుగా నీతో ఇల్లు తిప్పుతున్నా కదా" అంది అమ్మ. బెల్కిస్ మెట్ల మీద పడి నవ్వింది.

చివరికి సభ తీర్మానం ఏమిటంటే, అన్సెల్మో.

అన్సెల్మో నాన్న స్నేహితుడు, నాకు పద్రీనో. చర్చిలో నా నెత్తిన నీళ్ళు పోస్తున్నప్పుడు నన్ను ఎత్తుకుని నిలబడ్డవాడు. పద్రీనో అంటే తండ్రి లేనప్పుడు తండ్రి, తండ్రి ఉన్నప్పుడు ఇంకో తండ్రి. పెరట్లో చచ్చిన బ్యాటరీలను బతికించడం ఆయన పని. పైన తారు కరిగించి, మూత ఊడదీసి, కుళ్ళిన ప్లేట్లు తీసేసి, సీసం కరగబెట్టి కొత్తవి పోసి, మళ్ళీ తారు పోసి మూసేస్తాడు. మా నావికుడి బ్యాటరీ డబ్బాలోనే కొత్త పేగులు పెట్టి వారంలో చేతికిచ్చాడు. ప్లస్ టెర్మినల్ పక్కన ఎర్రరంగు చుక్క పెట్టాడు.

"ఆరు నెలలు గ్యారంటీ. కాగితం లేదు, నా నోరే కాగితం" అన్నాడు.

మూడు రోజులు బంగారంలా నడిచింది. నాలుగో రోజు మధ్యాహ్నం, సాన్ హువాన్ వంతెన మధ్యలో, సిగ్నల్ కోసం ఆగిన బండి మళ్ళీ కదల్లేదు.

వెనక సీట్లో ఒకావిడ మూతలేని పుట్టినరోజు కేకు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నీలం క్రీముది. మిగతా నలుగురూ దిగి తోస్తున్నారు.

"మీరు కూడా దిగితే కాస్త బరువు తగ్గుతుందమ్మా" అన్నాను.

"నేను దిగితే ఎండకి కేకు కరుగుతుంది. కరిగితే కొత్తది నువ్వు చేయిస్తావా?"

"ఒళ్ళో కేకున్న మనిషిని తోసే రోజొస్తుందని అనుకోలేదు" అన్నాడు తోస్తున్న ముసలాయన. "కనీసం ఒక ముక్కైనా పెట్టమను."

ఆ రోజు నుంచి నా బతుకు తోపుడు బతుకు అయింది. సాయంత్రం బ్యాటరీ ఇంటికి తెస్తాం. కరెంటు ఉన్న గంటలు చూసుకుని నేను ఛార్జరు పెడతాను, ఎర్ర క్లిప్పు ఎర్ర చుక్కకి. నిండుతుంది. పొద్దున నాన్న బిగిస్తాడు. ఒకరోజు సాయంత్రం దాకా గుర్రంలా నడుస్తుంది. ఇంకోరోజు పదకొండింటికే పడుకుంటుంది. రెండు రోజులు బాగుంటుంది, తర్వాత వరసగా రెండు రోజులు చస్తుంది. డైనమో పక్కన, బ్యాటరీకి కరెంటు కలిపే కటౌట్ పాయింట్లు మాడి నల్లబడితే గరుకు కాగితంతో రుద్దాను. మళ్ళీ మాడాయి. ఛార్జింగ్ ఎంతుందో చూద్దామంటే మీటరు ముల్లు నా పెళ్ళికి ముందే ఆగిపోయింది. పెళ్ళి కూడా తర్వాత ఆగిపోయింది, అది వేరే సంగతి.

ఎప్పుడూ చెడిపోయే వస్తువుని బాగుచేయొచ్చు. అప్పుడప్పుడూ చెడిపోయేది మనిషిని పిచ్చెక్కిస్తుంది. ఎండ వల్ల అనుకున్నాను. నాన్నని అడిగితే "చూద్దాం" అనేవాడు. బండి గురించి ఏదైనా అడిగితే గంటసేపు ఆపకుండా చెప్పే మనిషి "చూద్దాం" అని ఊరుకునేవాడు. దానికీ నాకు ఒళ్ళు మండేది.

బ్యాటరీ తోపుడుబండిలో వేసుకుని అన్సెల్మో దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ ఆయన గాజుగొట్టంతో ఆసిడ్ పీల్చి చూసి "బాగానే ఉంది" అన్నాడు. ఐదోసారి ఆగస్టు సగం గడిచింది. పెరట్లో వేరే గిరాకీ ఇద్దరు కూర్చుని ఉన్నారు. అంతకుముందే నన్ను ఇద్దరు పోకిరీలు గుట్ట మీదికి తోసి, దారి పొడుగునా నా వయసు మీద, బండి వయసు మీద జోకులేశారు. నా నోరు నా చేతిలో లేదు.

"ఇవి కొత్త ప్లేట్లేనా పద్రీనో? లేక పాతవే కడిగి పెట్టావా?"

ఆయన తల ఎత్తలేదు. "బ్యాటరీ మూడు గదులూ ఒకటే చెబుతున్నాయి చూడు. దీనికి రోగం లేదు. దీన్ని తినేది మీ బండిలో ఉంది."

"నలభై ఏళ్ళుగా తిననిది ఇప్పుడు తింటోందా? చర్చిలో నన్ను ఎత్తుకుని ఏం ప్రమాణం చేశావు? ముసలితనంలో దీని కడుపు కొడతానని చేశావా? పదిహేను రోజుల్లో ఫిట్‌నెస్ ఉంది. పర్మిట్ పోతే మా నాన్న ఏం తింటాడు, నీ గ్యారంటీ తింటాడా? ఇలాంటి పనిని మిగతా చోట్ల దొంగతనం అంటారు."

గిరాకీ ఇద్దరూ నేలచూపులు చూశారు. అన్సెల్మో గాజుగొట్టాన్ని నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టాడు. చాలా నెమ్మదిగా చేశాడు ఆ పని.

"తీసుకెళ్ళు నెరైదా. ఇంక నా గేటు తొక్కకు. మీ నాన్నతో చెప్పు..." ఆగాడు. "ఏం చెప్పొద్దులే. వాడికే తెలుస్తుంది."

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అంతా చెప్పాను. అమ్మ నాన్న కంచంలో వడ్డిస్తూ, "చిక్కుడుగింజలు ఇటు, అరటికాయ వేపుడు అటు, చేప ముల్లు తీశాను" అంటోంది. ముసలి మొగుళ్ళని చంటిపిల్లల్ని చేసి పాడుచేసేది ఇలాంటి ఆడవాళ్ళేనని అనుకున్నాను.

నాన్న ఫోర్కు ఆగింది. "దొంగ అన్నావా?"

"అన్నాను. ఇద్దరి ముందు."

"వాడేమన్నాడు?"

"నీకే తెలుస్తుందన్నాడు. ఏం తెలుస్తుంది నాన్నా? వెళ్ళి నువ్వు గట్టిగా అడగొచ్చు కదా! నీ స్నేహితుడే కదా!"

నాన్న ఫోర్కు కింద పెట్టి, బల్ల అంచు పట్టుకుని లేచి, గదిలోకి వెళ్ళిపోయాడు. ముల్లు తీసిన చేప అలాగే ఉండిపోయింది. అమ్మ నావైపు చూసిన చూపుకి అర్థం నాకు తెలియలేదు. నా తిట్లు నేను తిట్టుకుంటూ ఆయన చేప కూడా నేనే తిన్నాను.

తర్వాత పది రోజులు ఎలా గడిచాయో చెబితే ఎవరికైనా విసుగొస్తుంది, నాకే వస్తోంది. ఫిట్‌నెస్‌కి మూడు రోజులుందనగా, సోమవారం పొద్దున, ఇంట్లో కాఫీ పొడి అయిపోయింది. రేషన్ కోటా కాఫీ ఇంకా రాలేదు. బెల్కిస్‌ని అడిగితే తనదీ అయిపోయిందంది. కాఫీ లేదు కాబట్టి రోజూ కంటే ఐదు నిమిషాలు ముందు బయటికి వచ్చాను.

నాన్న నాకు వీపు చేసి బానెట్ కింద వంగి ఉన్నాడు. బ్యాటరీ లోపల దించేశాడు. ఎడమ టెర్మినల్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని చుట్టూ తడిమాడు. తర్వాత కుడిదాన్ని తడిమాడు. మళ్ళీ ఎడమది. మళ్ళీ కుడిది. తల వంచి, ముక్కు బ్యాటరీకి తగిలేంత దగ్గరగా పెట్టి, మొహం పక్కకి తిప్పి చూశాడు. చొక్కాకి వేళ్ళు తుడుచుకుని మళ్ళీ ఒకసారి తడిమాడు.

ఎర్ర చుక్క గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు కనిపిస్తోంది. గోరంత చుక్క, మందార పువ్వు రంగు.

నాన్న గుండె మీద శిలువ గుర్తు వేసుకుని, స్టార్టరు తీగ తీసి ఎర్ర చుక్క ఉన్నదానికి బిగించాడు.

అన్సెల్మో పోసిన టెర్మినల్స్ రెండూ ఒకే లావు. నెలన్నరగా రోజూ ఛార్జరు పెడుతున్నదాన్ని, నేను ఒక్కసారీ గమనించలేదు. నాకు కళ్ళున్నాయి మరి.

బానెట్ మూశాడు. నేను రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడే వస్తున్నట్టు చెప్పులు చప్పుడు చేస్తూ దిగాను.

"ప్లస్ బాడీకి" అన్నాడు, నా భుజం పక్కన ఎక్కడో చూస్తూ.

"మైనస్ స్టార్టరుకి" అన్నాను. తాళంచెవి అందుకున్నాను.

స్విచ్ వేయకుండానే బండిని గుట్ట మీంచి దొర్లించాను. మూల తిరిగాక ఆపి, బానెట్ ఎత్తి, సీటు కింద నేను దాచుకున్న స్పానర్‌తో తీగలు రెండూ విప్పి, ఆయన నేర్పినట్టే బిగించాను. తర్వాత స్టీరింగు ముందు కూర్చుని ఏడ్చాను. ఏడుపు కంటే కోపం ఎక్కువ. చెప్పొచ్చు కదా! ఒక్క మాట, 'అమ్మాయ్, కనపడటం లేదు' అని! ఈ మనిషి కోసం నేను పద్రీనోని దొంగని చేశాను. ఈ మనిషి పక్కనే కూర్చుని విన్నాడు.

ఆ రోజు బండి సాయంత్రం దాకా చక్కగా నడిచింది. అది చూస్తే ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఒక ట్రిప్పు మానుకుని ఇంటికొచ్చాను. నాన్న నిద్రపోతున్నాడు. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఏది?"

"అమ్మా."

ఒక దుప్పటికి రెండు వైపులా క్లిప్పులు పెట్టాక చెప్పింది. "రెండేళ్ళు దాటింది. శుక్లాలు. కుడికన్ను ముందు పోయింది. ఎడమదానిలో వెలుగూ నీడా తెలుస్తాయి."

"మరి నడుం నొప్పి?"

"నడుమా? నడుం దున్నపోతులా ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే స్పానర్లు లాక్కుంటావని."

"లాక్కోనా మరి?"

"చూశావా" అంది అమ్మ, ఇంకో క్లిప్పు పెడుతూ. "ఆపరేషన్‌కి పేరు రాయించాను. లెన్సులు రావాలట. వస్తే పిలుస్తారు. అప్పటిదాకా ఆ ఒక్క పనైనా చేసుకోనీ అనుకున్నాను. పాత బ్యాటరీతో ఏనాడూ తప్పు చేయలేదు కదా."

అప్పుడు గుర్తొచ్చింది. మా అద్దాల బీరువా మీద రెండేళ్ళుగా సంత లూసియా పటం ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు కళ్ళు. చూపు ఇవ్వమని మొక్కే తల్లి ఆమె. వారం వారం పువ్వులు మార్చేది అమ్మ. దాని ముందే నిలబడి రోజూ తల దువ్వుకునేదాన్ని నేను.

సాయంత్రం అన్సెల్మో గేటు బయట నిలబడ్డాను.

"గేటు తొక్కొద్దన్నావు కదా, ఇక్కడినుంచే మాట్లాడతాను. నీ బ్యాటరీ మంచిదే. దొంగా కాదు, ఏమీ కాదు. నా నోరు కుళ్ళిపోను."

ఆయన సీసం గరిటె పక్కన పెట్టాడు. "మరేమిటి?"

"టెర్మినల్స్ రెండూ ఒకే లావు ఎందుకు పోశావు?"

"సన్నదాని మూస పగిలి పదేళ్ళయింది. ఎవరూ అడగలేదు. రంగు చుక్క పెడతాను, చూసి బిగించుకుంటారు."

"చూసి బిగించుకునేవాళ్ళకి సరే."

అన్సెల్మో ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "అందుకా, డొమినో ఆడటానికి రావడం మానేశాడు" అన్నాడు. "నేను నామీద కోపం అనుకున్నాను."

"కొత్త మూసతో పోసిస్తావా? ఎల్లుండే ఫిట్‌నెస్."

"పొయ్యికి గ్యాస్ లేదు. వారం పడుతుంది." లోపలికి వెళ్ళి ఒక ఆకురాయి తెచ్చి గేటు ఊచల మధ్యనుంచి ఇచ్చాడు. "మైనస్‌ని అరగదియ్. సీసం మెత్తన, ఎక్కువ లాగకు. పొడి నోట్లోకి పోనివ్వకు."

"క్షమించు పద్రీనో."

"నువ్వన్నదానికి కాదు బాధ. నువ్వు చిన్నప్పట్నుంచీ నోటి దురుసుదానివే, ఎత్తుకున్నరోజే నా చొక్కా పాడుచేశావు." ఆకురాయి వదలకుండానే అన్నాడు. "నువ్వు దొంగ అన్నావని వాడికి తెలిసుంటుంది. పది రోజులు ఎదురుచూశాను. అంత దూరమేం కాదు వాడిల్లు."

అప్పుడు వదిలాడు, ఆకురాయి తీసుకుని ఇంటికి నడిచాను.

బుధవారం మధ్యాహ్నానికే బండి ఆపేసి, నాన్న కునుకు తీస్తుంటే, బ్యాటరీని స్నానాలగదిలోకి లాక్కెళ్ళి, కింద పాత పేపరు పరిచి, మైనస్ టెర్మినల్‌ని అరగదీశాను. కొంచెం తీయడం, కళ్ళు మూసుకుని రెండింటినీ తడమడం, మళ్ళీ కొంచెం తీయడం. అమ్మ గుమ్మంలో కాపలా ఉంది. ఇంత చేసి, నేను చేసింది మంచిదో కాదో నాకే తెలియదు. లాక్కోవాల్సిన స్పానర్‌ని ఇంకా గట్టిగా ఆయన చేతిలో పెడుతున్నాను. తేడా తెలిసేదాకా అరగదీసి, వాజ్‌లైన్ రాసి, మంచం పక్కన పెట్టేశాను.

పరీక్ష రోజు పొద్దున గుమ్మంలోనే నిలబడ్డాను. నాన్న ఎడమది తడిమాడు, కుడిది తడిమాడు. ఆగాడు. కుడిదాని మీద వేలు ఇంకొంచెంసేపు ఉంచాడు. తర్వాత స్టార్టరు తీగ తీసి ఆ సన్నదానికి తగిలించాడు. ఎర్ర చుక్క ఉన్నదానికి బాడీ పట్టీ బిగించాడు.

"ప్లస్ బాడీకి."

"మైనస్ స్టార్టరుకి."

"నేనూ వస్తున్నా" అన్నాడు, తలుపు తడుముకుని ముందు సీట్లో కూర్చుంటూ.

ఇన్‌స్పెక్టరు చిన్నకుర్రాడు, మా డాడ్జ్ వయసులో సగం కూడా లేడు. దీపాలు వేయమన్నాడు, వేశాను. హారన్ కొట్టమన్నాడు. బ్రేకులు చూశాడు. ఇంజిను ఆపి, దీపాలన్నీ వెలుగుతుండగా మళ్ళీ స్టార్ట్ చేయమన్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారి తాళంచెవి తిప్పుతూ లెక్కపెట్టుకున్నాను. ఆరు వోల్టులు, అరిగిన సీసం, అన్సెల్మో ప్లేట్లు. స్టార్టరు మూలిగింది, ఒక్క క్షణం ఆగింది, ఇంజిను అందుకుంది.

"ఆరు వోల్టులేనా ఇంకా?" అన్నాడు కుర్రాడు అద్దం మీద స్టిక్కరు అంటిస్తూ. "ఎవరు చూసుకుంటారు దీన్ని?"

"నేను" అన్నాడు నాన్న, ఎదురుగా ఉన్న గోడతో.

తిరుగుదారిలో వంతెన మీద నాన్న నోరు విప్పాడు.

"ఆకురాయి ఒకవైపుకే తొయ్యాలి. ముందుకీ వెనక్కీ లాగితే గీతలు పడతాయి. వేలికి గుచ్చుకుంటున్నాయి."

నేను రోడ్డునే చూస్తూ నడిపాను.

"కాఫీ లేని రోజే కదా?" అన్నాడు. "రెండడుగులు వెనక్కి వేశావు. మూల దగ్గర బానెట్ చప్పుడు కూడా విన్నాను. మన బానెట్ చప్పుడు నాకు తెలియదా?"

"విని కూడా మూడు రోజులు నోరెత్తలేదా! నాతో నాటకమా?"

"నువ్వు మాత్రం?"

నా కోపానికి అడ్డం రావడం ఆయనకు ఎప్పుడూ తెలుసు. వంతెన దాటించి గేరు మార్చాను.

"స్పానర్ ఇవ్వను" అన్నాడు. "ముందే చెబుతున్నా."

"ఎవరడిగారు?"

"ఇంటికి కాదు, అన్సెల్మో దగ్గరికి పోనీ. వాణ్ణి దొంగ అన్నది నువ్వు కాదు, నేను. తెలిసీ ఫోర్కు కింద పెట్టి వెళ్ళిపోయానే, అప్పుడన్నాను."

అన్సెల్మో ఇంటి ముందు ఆపాను. గేటు తెరిచే ఉంది. పెరట్లో ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, పిలవలేదు, రాలేదు కూడా. నాన్న దిగి, కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రెండేళ్ళుగా ఆయన దిగి అలా నిలబడిన ప్రతిసారీ నేను విసుక్కుని హారన్ కొట్టేదాన్ని, నడుం నొప్పి వేషాలు చాలు, పద అని. ఇంజిను ఆపేసి ఇటువైపు తిరిగి వచ్చాను. ఆయన మోచెయ్యి కాస్త పక్కకి జరిపి చోటిచ్చాడు.

"నెరీ" అన్నాడు గొంతు తగ్గించి. "లోపలికి ఎన్ని మెట్లు?"

"మూడు" అన్నాను. "మొదటిది కాస్త ఎత్తు."